ముందటేడు అంటే ఏ ఏడు?

పోయిన నెలాఖరుకు నా ఉద్యోగం అయిపోయింది. కువైట్‌లో, ఫర్వానియాలో ఒక అనువాదాల ఆఫీసులో ఇరవై మూడేళ్ళు తెలుగు దుబాసీగా పనిచేశాను. తెలుగువాళ్ళు చెప్పింది అరబీలోకి, అరబీవాళ్ళు అడిగింది తెలుగులోకి మార్చి చెప్పడం నా పని. పోలీసు స్టేషన్లు, కార్మిక శాఖ, కోర్టు వరండాలు, ఆస్పత్రులు, ఎక్కడికి పిలిస్తే అక్కడికి వెళ్ళాను.

నా చోట ఇద్దరు అమ్మాయిలు చేరారు. ఒకరిది కరీంనగర్, ఇంకొకరిది ఏలూరు. ఇద్దరూ నాకంటే పెద్ద చదువులు చదివారు. ఆఖరి రోజు టీ తాగుతూ, ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన మాటలేవో చెప్పమని అడిగారు. చట్టం మాటలు చెబుతానని ఎదురుచూశారు. చట్టం మాటలకు నిఘంటువు ఉంది, తెలియకపోతే తెరిచి చూసుకోవచ్చు. నన్ను ముప్పుతిప్పలు పెట్టినవి నిరుడు, మొన్న, ముందటేడు లాంటి మాటలు. అవి అందరికీ వచ్చు. అందుకే వాటిని ఎవరూ అనుమానించరు.

వాళ్ళు నవ్వారు. టీ తాగేలోపు చెప్పగలిగే సంగతి కాదు కాబట్టి ఇలా రాసి పెడుతున్నాను.

వంటింటి అరబీ

మాది కోనసీమ. ఇంటర్ తప్పి, ఇరవై ఒకటో ఏట రుమైథియాలో ఒక ఇంటికి పనిమనిషిగా వచ్చాను. ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, ఒక ముసలి నాయనమ్మ. సాయంత్రం మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తుంటే నేను ఆ గదిలోనే బట్టలు ఇస్త్రీ చేసేదాన్ని. చిన్నవాడు అలిఫ్, బా దిద్దుతుంటే నేనూ మనసులో దిద్దేదాన్ని. వాడు మూడో తరగతికి వచ్చేసరికి వాడి పుస్తకం నేనే వాడికి చదివి వినిపిస్తున్నాను. అది చూసి మామా కోప్పడలేదు. పెద్ద పిల్ల పాత పుస్తకాలన్నీ నా గదిలో పెట్టించింది.

చదవడం పిల్లల దగ్గర నేర్చుకున్నాను. మాట్లాడడం నేర్పింది ఆ నాయనమ్మ. ఆమెకు చదువు రాదు, ఆమె మాట ఏ పుస్తకంలోనూ ఉండదు. కొత్తిమీర తుంచుతూ, బియ్యం ఏరుతూ పన్నెండేళ్ళు ఆమె చెప్పిన కబుర్లు విన్నాను. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, ఇక ఇంట్లో నాకు పెద్ద పని లేదని నాకు వీసా ఇచ్చిన కఫీలే, అంటే ఆ ఇంటాయనే, వేరే పనికి మారేందుకు రిలీజ్ ఇచ్చి, తనకు తెలిసిన అనువాదాల ఆఫీసుకు పంపాడు.

ఆ ఆఫీసు పెద్ద మునీర్ గారు. ఈజిప్టు మనిషి, పూర్వం బడిలో అరబీ చెప్పిన పంతులు. నేను మాట్లాడింది రెండు నిమిషాలు విని, "నీది వంటింటి అరబీ" అన్నారు. ఉద్యోగం మాత్రం ఇచ్చారు. రోజూ గంటసేపు పేపరు చదివించి, తప్పు దొర్లినప్పుడల్లా ఎర్ర పెన్నుతో బల్ల మీద కొట్టేవారు. వ్యాకరణంలో ఆయనకు సాటి లేరు. కోపిష్ఠి. ఉన్న మాట చెప్పాలంటే ఆయన దగ్గర ఒక లోపం ఉండేది. పుస్తకంలో లేని మాటను మాటగా ఒప్పుకునేవారు కాదు.

మొదటి రోజే ఆయన నాకు ఒక నియమం చెప్పారు. "విన్నది చెప్పు. అనుకున్నది చెప్పకు." అది మంచి నియమమే. ఆ నియమం పాటిస్తూనే నేను ఒక మనిషి బతుకు తలకిందులు చేశాను.

ఓబులేసు చెప్పిన మొన్న

అప్పటికి నేను చేరి రెండో ఏడు. ఓబులేసుది కడప దగ్గర పల్లె. అల్ రాయ్‌లో ఒక గోడౌన్‌లో సరుకు మోసే పని. ఇఖామా కోసం, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కోసం, వైద్య పరీక్షకు వెళ్తే ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనబడింది. డాక్టరు నన్ను పిలిపించి, ఇతనికి గతంలో క్షయ, అదే దగ్గు జబ్బు, వచ్చిందా, వస్తే ఎప్పుడు, మందులు పూర్తిగా వాడాడా అని అడగమన్నాడు.

ఓబులేసు దాచుకోకుండా చెప్పాడు. "వచ్చిండె అక్కా. మొన్న ఆర్నెల్లు మాత్తర్లు మింగితి. బాగయిపాయ."

నేను మొన్న అన్న మాట విన్నాను. మొన్నటిరోజు కాదని నాకు తెలుసు, ఆర్నెల్ల మందులు మొన్నటిరోజు అయిపోవు. ఈమధ్యనే అని చెబుతున్నాడనుకుని, "ఇటీవలే ఆరు నెలలు మందులు వాడాడు" అని అరబీలో చెప్పాను. డాక్టరు అదే రాసుకున్నాడు. పాత మచ్చ అయితే ఇంకో పరీక్ష చేయించేవారు. ఇటీవలి జబ్బు అని రాసేసరికి ఆ దారి మూసుకుపోయింది. మూడు వారాల్లో అతన్ని ఇండియాకు పంపేశారు.

ఊరు చేరాక అతను ఫోన్ చేశాడు. తిట్టడానికి కాదు, తెలుసుకుందామని. జబ్బు వచ్చింది తొమ్మిదేళ్ళ కిందటట. మందులు పూర్తయినట్టు ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన కార్డు కూడా ఇంట్లో ఉందట. మరి మొన్న అన్నావెందుకని అడిగాను.

"మొన్నే కదక్కా. మా పిల్ల పుట్టకముందర," అన్నాడు.

అతని ఊళ్ళో మొన్న అంటే గడిచిపోయినది. రెండు రోజులైనా మొన్నే, తొమ్మిదేళ్ళైనా మొన్నే. నేను ఒక్క ప్రశ్న అదనంగా అడగలేదు. అప్పటికి నీ పెళ్ళయిందా, పిల్లలున్నారా అని అడిగి ఉంటే సరిపోయేది. ఆ కార్డు తెప్పించి అధికారుల చుట్టూ చాలా తిరిగాను. ఒకసారి మూసిన ఫైలు తెరవలేదు. ఓబులేసు తర్వాత ఊళ్ళోనే టెంట్ల సామాను అద్దెకిచ్చే వ్యాపారం పెట్టుకుని స్థిరపడ్డాడు. అది అతని గొప్ప. నా తప్పు అందువల్ల చిన్నదైపోదు.

అమ్మాయిలూ, ఈ పనిలో మీరూ తప్పు చేస్తారు. ఆ తప్పు కడుపు కాలే మనిషి మీద పడుతుంది, మన జీతం మన జీతంగానే ఉంటుంది. దాన్ని మరిచిపోయిన దుబాసీలను చాలామందిని చూశాను. వాళ్ళ అరబీ చాలా బాగుంటుంది.

గడిచిన ఏళ్ళకు ఎన్ని పేర్లో

ఓబులేసు సంగతి తర్వాత నాకొక అలవాటు పట్టుకుంది. శుక్రవారాలు చర్చి దగ్గర, అల్ రాయ్ వర్క్‌షాపుల దగ్గర, బస్టాపులో, తెలుగువాళ్ళు కనబడితే చాలు, పోయిన సంవత్సరాన్ని మీ ఊళ్ళో ఏమంటారని అడిగేదాన్ని. దానికి ముందరి సంవత్సరాన్ని? ఆ ముందరి దాన్ని? కొందరు నాకు మతి చలించిందనుకున్నారు.

మా వైపు కిందటేడు అంటాం, నిరుడు అంటాం. తెలంగాణవాళ్ళు పోయినేడు అంటారు. ఏడాది కిందికి పోయిందనుకుంటే కిందటేడు, రాబోయేది పైన ఉందనుకుంటే పై ఏడు. కొందరు పెద్దవాళ్ళు రాబోయేదాన్ని మీదటేడు అంటారు. అంటే మన లెక్కలో కాలం పైనుంచి కిందికి దిగుతుంది. ఇది నాకు నలభై ఏళ్ళు దాటాక తెలిసింది, అంతవరకు ఆ మాటలు వాడుతూనే ఉన్నాను.

చిక్కంతా ముందటేడు దగ్గర వచ్చింది. ముందు అనే మాట తెలుగులో రెండు వైపులా తిరుగుతుంది. ముందు ముందు ఏమవుతుందో అంటే రేపటి సంగతి. అంతకుముందు అంటే నిన్నటి సంగతి. మా కోనసీమ మనిషి చెవిన ముందటేడు పడితే, దీనికి ముందరి ఏడు, అంటే కిందటేడే అనుకుంటాడు. కరీంనగర్ మనిషికీ, రాయచోటి వైపు చాలా ఊళ్ళవాళ్ళకూ అది వేరే ఏడు. ఈ ఏడు, దాని వెనక నిరుడు, ఆ నిరుటి వెనకది ముందటేడు. ఒక్క మాటకు పూర్తిగా ఒక సంవత్సరం తేడా. అలాగని ఆ జిల్లాల్లో అంతటా అదే లెక్క అనుకోకండి. వాగుకు ఇవతలి ఊరిది ఒక వాడుక, అవతలి ఊరిది ఒక వాడుక.

అందుకని నేను సొంతంగా ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏడు పేరు చెప్పగానే అరబీలోకి మార్చను. ఆ ఏట ఇంకేం జరిగిందో అడుగుతాను. ఇంట్లో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ బడిలో ఏ క్లాసు, ఎవరి పెళ్ళి. అంకెలు గుర్తులేని మనిషికి కూడా ఇవి గుర్తుంటాయి. మునీర్ గారికి ఈ పద్ధతి నచ్చలేదు. నిన్ను అడగమన్నది ఒక ప్రశ్న, నువ్వు అడిగేవి ఆరు అనేవారు. నిజమే, ఆరు అడిగేదాన్ని. ఆయన పదవీ విరమణ చేసేదాకా మా ఇద్దరికీ దీని మీద పేచీ నడిచింది.

జహ్రా ఇంటి గాజు

రెడ్డెమ్మది అన్నమయ్య జిల్లా. జహ్రాలో ఒక పెద్ద ఇంట్లో ఆరేళ్ళుగా పనిచేస్తోంది. నలభై దాటిన మనిషి, సంతకం పెట్టడం తప్ప చదువు రాదు. ఇంటి పనితోపాటు పెద్ద మామాను చూసుకోవడం కూడా ఆమె పనే. పెద్ద మామా అంటే ఆ ఇంటి యజమాని తల్లి, అందరూ ఉమ్ము ఖాలిద్ అని పిలిచే ముసలావిడ.

సెలవు మీద ఊరికి బయలుదేరేముందు రెడ్డెమ్మ పెట్టె సర్దుకుంటుండగా ఆ ఇంటి కోడలు గదిలోకి వచ్చింది. బట్టల మధ్య ఒక బంగారు గాజు కనబడింది. అది అత్తగారిదని కోడలు గుర్తుపట్టింది. పెద్ద మామానే ఇచ్చిందని రెడ్డెమ్మ చెప్పింది. కోడలు నమ్మలేదు, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది.

నేను ఫైలు చూసేసరికి రెడ్డెమ్మ స్టేషన్లో ఉండి తొమ్మిది రోజులైంది. విమానం టికెట్టు తేదీ దాటిపోయింది. అందులో రెండు వాంగ్మూలాలున్నాయి. మొదటిది రెడ్డెమ్మది. మొదటిరోజు దొరికిన ఎవరో తెలుగు మనిషి అనువాదం చేశాడు. గాజు పెద్ద మామా పోయిన సంవత్సరం ఇచ్చిందని అందులో ఉంది. రెండోది ఉమ్ము ఖాలిద్‌ది. ఆవిడ నడవలేదు కాబట్టి గుమాస్తా ఇంటికి వెళ్ళి రాసుకొచ్చాడు. రెడ్డెమ్మ పనిలో చేరిన మొదటి సంవత్సరం గాజు తానే ఇచ్చానని ఆవిడ చెప్పినట్టు అందులో ఉంది.

ఇద్దరూ ఇచ్చిందనే అంటున్నారు. కానీ ఏళ్ళు కలవలేదు. పైగా రెండు మాటలూ అబద్ధమని కాగితాలు చెబుతున్నాయి. పోయిన సంవత్సరమంతా ఉమ్ము ఖాలిద్ మోకాళ్ళ వైద్యానికి పెద్ద కొడుకుతో జర్మనీలో ఉంది. రెడ్డెమ్మ చేరిన మొదటి సంవత్సరానికి ఆ గాజు ఇంకా ఇంటికే రాలేదు, నగల షాపు రసీదు ప్రకారం అది కొన్నది ఎంతో తర్వాత. దర్యాప్తు అధికారికి దీని అర్థం తేటగా కనబడింది. పనిమనిషి అబద్ధమాడుతోంది. ముసలావిడకు మతిమరుపు, ఎవరో చెప్పమన్నది చెబుతోంది.

కోడలు కూడా అదే చెప్పింది. అత్తగారు ఈమధ్య ఏదేదో మాట్లాడుతోందని, డాక్టరుకు చూపించాలనుకుంటున్నామని. ఆమె చెడ్డమనిషేమీ కాదు. తను నమ్మిందే చెప్పింది. నేరం రుజువైతే రెడ్డెమ్మకు జైలు, ఆ తర్వాత దేశం దాటించడం. ఉమ్ము ఖాలిద్‌కు సొంత ఇంట్లోనే మతిలేనిదన్న పేరు.

ఆ రోజు నన్ను పిలిచింది చిన్న పనికి. నేరం ఒప్పుకుంటావా లేదా అని రెడ్డెమ్మను చివరిసారి అడిగి జవాబు చెప్పాలి.

అధికారి ప్రశ్న తెలుగులో చెప్పాక, మొదటి వాంగ్మూలం కూడా ఆమెకు వినిపించడానికి అనుమతి అడిగాను. అది మామూలు పద్ధతే, ఆయన తల ఊపాడు. చదువుతూ పోయిన సంవత్సరం అన్న చోటికి రాగానే రెడ్డెమ్మ తలెత్తింది.

"నేను ఆ మాట అనలేదక్కా. ముందటేడు అన్న్యా. నిరుడు పెద్ద మామా యాడుండాది? ఆస్పత్రిలో కదా ఉండేది. ఇంట్లో లేని మనిషి నాకెట్ల ఇచ్చాది?"

మీ ఊళ్ళో నిరుటికీ ముందటేటికీ తేడా చెప్పమన్నాను. ఆమె వేళ్ళు మడిచి చూపించింది. ఇదీ ఈ ఏడు, ఇది నిరుడు, ఇది ముందటేడు. ఆ ఏట ఇంట్లో ఏం జరిగిందని అడిగాను. ఆలోచించనే లేదు.

"బుడ్డోనికి పండ్లొచ్చె. నేనే చూస్తి, నోట్లో స్పూను పెడ్తే టక్కుమనె. పోయి పెద్ద మామాతో చెప్తే, సంతోషం పట్టలేక ఈ గాజు తీసి నా చేతికేసె. సాయంత్రం ఆ బిడ్డ నెత్తిన మిఠాయిలు, బాదాంపప్పులు పోసిరి. ఇల్లంతా జనమే."

పిల్లవాడికి పళ్ళొచ్చినప్పుడు నెత్తిన మిఠాయిలూ పప్పులూ పోసే ఆ వేడుక నాకు తెలుసు. రుమైథియా ఇంట్లోనూ చేశారు. మన భోగిపళ్ళ లాంటిదే.

అది నా మాట అని చెప్పిన రోజు

రెడ్డెమ్మ మాట సరిచేసి చెప్పాను. ముందటేడు అంటే పోయిన సంవత్సరానికి ముందరిది, మొదటి అనువాదంలో పొరపాటు దొర్లిందని వివరించాను. అధికారి విన్నాడు, రాయించాడు. కానీ అంతటితో తేలలేదు. "ముసలావిడ మొదటి సంవత్సరం అంది కదా. ఈమె మాట మార్చుకున్నా అది కలవదు," అన్నాడు.

ఆయన చేతిలో ఉన్న రెండో వాంగ్మూలం చూపించమన్నాను. అందులోని వాక్యం చదువుతుంటే నాకు వింతగా అనిపించింది. ఆమె తన పనిలో చేరిన మొదటి సంవత్సరంలో, అని ఉంది. కువైటీ ముసలమ్మ ఎవరూ అలా మాట్లాడదు. అది గుమాస్తా మాట. గుమాస్తా వేరే దేశపు అరబ్బు, కొత్తగా వచ్చినవాడు. అయితే ఆవిడ నోట వచ్చిన మాటేమిటి?

నా చెవిలో రుమైథియా నాయనమ్మ గొంతు పలికింది. పోయిన సంవత్సరాన్ని ఆమె వట్టి ఆమ్ అనేది. దానికి ముందరి సంవత్సరాన్ని ఆమ్ లవ్వల్ అనేది. పుస్తకాల అరబీలో ఆ రెండో మాటకు అర్థం మొదటి సంవత్సరం. గుమాస్తా పుస్తకం ప్రకారం అర్థం చేసుకుని, ఏ మొదటి సంవత్సరమో తెలియడానికి పనిలో చేరిన అని తనే కలిపి ఉంటాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దుబాసీకి అభిప్రాయం ఉండకూడదు. నేను తెలుగు అనువాదానికి వచ్చాను. ఒక అరబ్బు రాసిన అరబీని, అరబ్బు అయిన అధికారి ముందు, తెలుగు మనిషి తప్పు పట్టడమంటే మామూలు సంగతి కాదు. ఆయన ఒక్క ఫిర్యాదు రాస్తే మా అనువాదాల ఆఫీసుకు వచ్చే పనులు ఆగిపోతాయి. నా ఇఖామా ఆ ఆఫీసు మీదే ఉంది. పక్కన రెడ్డెమ్మ నా ముఖంలోకి చూస్తోంది, నేను ఎందుకు ఆగానో ఆమెకు తెలియదు.

"సార్, ఇప్పుడు చెప్పేది నా మాట. ఈమె మాట కాదు," అన్నాను.

ఆయన కనుబొమ్మలు ముడిచాడు. చెప్పమన్నాడు.

"ఉమ్ము ఖాలిద్ గారు ఏ మాట వాడారో మీరు సొంత చెవులతో వినాలి. రాసినవారు కువైటీ కాదు."

అంతకు మించి చెప్పలేదు. ఆమ్ లవ్వల్ అన్న మాట నా నోటి నుంచి రానివ్వలేదు. వస్తే, తర్వాత ఆవిడ అదే అన్నా నేను నేర్పించానంటారు. ఆయన ఆ వాంగ్మూలం ఇంకోసారి చదివాడు. తర్వాత ఫోన్ తీసి, ముసలావిడను మర్నాడు పొద్దున్నే తన ఆఫీసుకు తీసుకురమ్మని ఇంటివాళ్ళకు చెప్పాడు.

మూడో వాంగ్మూలం

మర్నాడు ఉమ్ము ఖాలిద్ చక్రాల కుర్చీలో వచ్చింది. పెద్ద కొడుకు కుర్చీ తోస్తున్నాడు, వెనకాల కోడలు. నల్లటి అబాయాలో పిడికెడు మనిషి. రెడ్డెమ్మను చూడగానే ఇలా రమ్మని చెయ్యి చాపింది. రెడ్డెమ్మ కదలబోయి, పోలీసామె వైపు చూసి ఆగిపోయింది.

అధికారి ఆవిడకు వంగి నమస్కారం చెప్పి, గాజు ఎప్పుడిచ్చారు యుమ్మా అని అడిగాడు. నేను గోడ పక్కన నిలబడ్డాను.

"ఆమ్ లవ్వల్," అంది ఆవిడ.

ఆయన చేతిలో పెన్ను బల్ల మీద పెట్టాడు. గుమాస్తా వైపు చూశాడు. మళ్ళీ ఆవిడ వైపు తిరిగి, మెల్లగా, మరి ఆమ్ సంగతేమిటి అని అడిగాడు.

ఆవిడకు కోపం వచ్చింది. "ఆమ్ నేను జర్మనీలో మంచం మీద లేనా? వీళ్ళెవరూ నీకు చెప్పలేదా?"

అధికారి నవ్వేశాడు. తన నాయనమ్మ కూడా ఇదే మాట అనేదని, తనకు ఇది ముందే తట్టవలసిందని అందరి ముందూ ఒప్పుకున్నాడు. గుమాస్తా ముఖం ఎర్రబడింది. అతన్ని నేను తప్పుపట్టను. విన్నదే రాశానని అతని నమ్మకం. నిన్న మొన్నలను వాళ్ళు అమ్స్, అవ్వల్ అమ్స్ అంటారు. అది అతనికీ తెలుసు. ఏళ్ళ దగ్గరికి వచ్చేసరికి అదే వరుస అని అతనికి తోచలేదు. ఓబులేసు విషయంలో నాకూ తోచలేదు.

అధికారి ఇంకో ప్రశ్న వేశాడు. ఆ రోజు ప్రత్యేకంగా ఎందుకిచ్చారని.

"నా మనవడికి మొదటి పన్ను వచ్చింది. చూసింది ఈమె. కన్నతల్లి కంటే ముందు చూసింది," అంది ఉమ్ము ఖాలిద్. కోడలు తల దించుకుంది.

పిల్లవాడు ఎప్పుడు పుట్టాడని ఆయన కోడలిని అడిగాడు. ఆమె తేదీ చెప్పింది. ఆయన కాగితం మీద నెలలు కూడాడు. పిల్లవాడికి పళ్ళొచ్చే కాలం సరిగ్గా పోయిన సంవత్సరానికి ముందరి వేసవికి వచ్చింది. రసీదు తేదీ దానికి మూడు నెలల ముందుది. ముసలావిడ జర్మనీ ప్రయాణం దాని తర్వాతది. ఎక్కడా కలవని కాగితాలన్నీ ఒక్క ఏట కలిసిపోయాయి.

కోడలు తన బ్యాగులోంచి ఫోన్ తీసింది. చాలాసేపు వెనక్కి జరుపుకుంటూ పోయింది. ఎవరూ ఆమెను వెతకమనలేదు. ఒకచోట ఆగి, చూసి, లేచి వెళ్ళి ఫోన్‌ను తనే అధికారి ముందు పెట్టింది.

పిల్లవాడి పళ్ళ వేడుక వీడియో అది. నన్నూ చూడమన్నారు. హాలు నిండా ఆడవాళ్ళు, పిల్లలు. మధ్యలో పిల్లవాడిని ఎత్తి పట్టుకున్నది రెడ్డెమ్మ. పై నుంచి మిఠాయిలు పడుతుంటే వాడి కళ్ళకు తగలకుండా చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతికి గాజు మెరుస్తోంది.

ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదని ఆమెను ఎవరూ అడగలేదు. ఏ రోజున చూడాలో తెలిస్తే కదా వెతికేది. అప్పటిదాకా ఒక కాగితం ఆరేళ్ళ కిందటిదంది, ఒక కాగితం నిరుటిదంది.

కోడలు రెడ్డెమ్మ దగ్గరికి వెళ్ళింది. "నాది తప్పు. నన్ను మన్నించు," అంది. నేను తెలుగులో చెప్పేలోపే రెడ్డెమ్మ తల ఊపింది, ఆరేళ్ళలో ఆపాటి అరబీ ఆమెకు వచ్చేసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఈమెతో చెప్పక్కా. గాజు దాచిపెట్టుకునింది దొంగలించినందుకు కాదు. అంట్లు తోమే చేతికి బంగారమెందుకని పెట్టెలో పెట్టుకున్యా," అంది.

అది చెప్పాను.

ఫిర్యాదు వాపసు తీసుకున్నట్టు కాగితం రాశారు. దానితోపాటు రెడ్డెమ్మ వాంగ్మూలం మళ్ళీ మొదటి నుంచి రాయమన్నాడు అధికారి. ఈసారి ఆయన గుమాస్తాతో ఒక మాట అన్నాడు. ఏళ్ళ పేర్లు ఎవరు ఏ మాట అంటే ఆ మాటే రాసి, పక్కన సంవత్సరం వెయ్యమని. ఆ ఒక్క వాక్యం విన్నాక నాకు ఇరవై ఏళ్ళ పని సార్థకమైందనిపించింది. ఆ తర్వాత ఆ కార్యాలయంలో తెలుగు మనిషి కేసు వస్తే నన్నే పేరు పెట్టి అడిగేవారు. మునీర్ గారు అప్పటికి రిటైరై కైరోలో ఉన్నారు. ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆమ్ లవ్వల్ అన్న మాట రెండుసార్లు పలికించుకుని, రాసుకుంటున్నానని అన్నారు. ఆ మనిషి నోట అంతకన్నా పెద్ద మెప్పు నేను ఎన్నడూ వినలేదు.

రాత పూర్తయ్యాక గుమాస్తా కాగితం రెడ్డెమ్మ ముందు పెట్టి, సంతకం చోటు వేలితో చూపించాడు. ఆమె పెన్ను పట్టుకుంది కానీ పెట్టలేదు.

"ఇంతకుముందు ఏం రాసినారో ఎవురూ నాకు చెప్పలేదక్కా. పెట్టమంటే పెడ్తి. ఈతూరి చదివి వినిపిచ్చు."

అధికారి గడియారం చూసుకున్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, చదవమని నాకు సైగ చేశాడు. నేను నిలబడి, అరబీ కాగితం చేత పట్టుకుని, మొదటి వరుస నుంచి ఆఖరి వరుస దాకా తెలుగులో చదివాను. రెడ్డెమ్మ కళ్ళు మూసుకుని వింది. ముందటేడు అన్న మాట దగ్గర కళ్ళు తెరిచి, ఆ మాట కాగితం మీద ఎక్కడుందో చూపించమంది. అరబీ అక్షరాల్లో రాసిన ఆ తెలుగు మాట మీద వేలు పెట్టి చూపించాను. కాసేపు దాన్నే చూసింది. తర్వాత పెన్ను గట్టిగా పట్టుకుని, కింద తన పేరు తెలుగులో, ఒత్తులు తప్పకుండా, మెల్లగా రాసింది.